పదసూచికా నిర్మాణమున బాహ్య లైబ్రరీల చేరిక

తెలుగు శాఖా పత్రికలో కంప్యూటరు ప్రోగ్రాముల నిర్మాణమును గుఱించిన వ్యాసము కొందఱికి వింతగ తోపవచ్చును. అయినను నేడు పదసూచికలు, నిఘంటు సామగ్రి, శాసనపాఠముల పట్టికలు మున్నగునవి పెక్కు ప్రోగ్రాముల మూలముననే సిద్ధమగుచున్నవి. ఆ పట్టికలను ముందుంచుకొని మనము భాషావిషయకములైన నిర్ణయములు చేయుచున్నాము. పట్టికకు మూలమైన గ్రంథము ఎన్నవ ముద్రణమో, దాని సంపాదకులెవ్వరో తప్పక పేర్కొందుము. పట్టికను కూర్చిన ప్రోగ్రాము దేని నాశ్రయించి పనిచేసినదో పేర్కొనువారు అరుదు. మేమును ఇటీవలి వఱకు పేర్కొన్నవారము కాము. పేర్కొనకుండుటచే కలుగు హాని యెట్టిదో మాకు స్వానుభవమున తెలిసినది గాన, ఆ యనుభవమును, దానికి కారణమైన యంత్రాంగమును ఇచట వివరింప బూనితిమి.

మా పర్యవేక్షణమున ఒక విద్యార్థి పందొమ్మిదవ శతాబ్దిలో ముద్రితమైన ఒక కావ్యమునందలి ద్రుతప్రయోగములను పరిశీలించుచుండెను. వచ్చెను, వచ్చెన్, వచ్చె అను మూడు రూపములలో ఏది యెచట ఎన్నిమాఱులు ప్రయుక్తమైనదో లెక్కించుట అతని సిద్ధాంతవ్యాసమున ఒక ప్రకరణమునకు ప్రాణము. కావ్యపాఠమునంతయు అతడు స్వయముగ టైపు చేసికొనెను. ఆ పాత ముద్రణమున విరామస్థలములందలి పొల్లు నకారము నేటి న్ రూపమున గాక, నకారపొల్లు అను ప్రత్యేక లిపిచిహ్నముతో అచ్చయి యున్నది. విద్యార్థి శ్రద్ధాళువగుటచే ఆ చిహ్నమును మార్పక అట్లే నిలిపెను. యూనికోడ్ వర్ణపట్టికలో తెలుగునకు కేటాయించిన 3072 మొదలు 3199 వఱకు గల స్థానములలో, నకారపొల్లునకు 3165వ స్థానము 2021లో వెలువడిన 14వ కూర్పున లభించినది. అంతకు ముందు ఆ స్థానము ఖాళీ. ఈ విషయమును పాఠకులు గుర్తుంచుకొన గోరుదుము.

ప్రోగ్రాము పదములను విడదీసి పట్టిక కూర్చినది. దానిని బట్టి చూడగా పాదాంతములందును, వాక్యాంతములందును ద్రుతము మిక్కిలి తఱచుగ లోపించినట్లు కానవచ్చెను. విరామమున ద్రుతము నిలుచుటయు, పోవుటయు భాషలో ఉన్నదే కావున ఈ ఫలితము అసంభవముగ తోపలేదు. పైగా ఆ కవి వాడుకను గుఱించిన ఒక చక్కని ఊహకు అది ఊతమయ్యెను. విద్యార్థి ఆ ఊహను ఇరువది పుటలలో విస్తరించి వ్రాసెను. మేము చదివి మెచ్చుకొంటిమి. ఈ మాట వ్రాయుటకు కొంత సంకోచముగ నున్నను దాచుట యుక్తము కాదు.

కొన్ని వారముల తరువాత అదే పాఠమును, అదే ప్రోగ్రామును శాఖలోని కంప్యూటరుపై నడిపితిమి. పట్టిక మాఱినది. విద్యార్థి పట్టికలో వచ్చె అని యున్న చోట్ల పెక్కింటిలో ఇచట వచ్చెన్ అని యున్నది. మొదట ఎవరో పాఠమును దిద్దిరనుకొంటిమి. పాఠములు రెండును అక్షరమక్షరము సరిపోయినవి. ప్రోగ్రాము వాక్యములు చూచితిమి. అందును భేదము లేదు. భేదము ప్రోగ్రామునకు వెలుపల నున్నది.

ఏ ప్రోగ్రామును తన పనినంతయు తానే చేసికొనదు. పదమునకు హద్దు ఎచట, అక్షరమునకు హద్దు ఎచట, ఏ వర్ణము తరువాత ఏ వర్ణము రావలెను అను నిట్టి పనులను మునుపే ఎవరో చేసి పెట్టియుందురు. అట్టి సిద్ధమైన పనుల సముదాయమునకు లైబ్రరీ అని పేరు. గ్రంథాలయమని తెలిగించుట తప్పుదారి పట్టించును, ఇచట చదువరులు లేరు, పుస్తకములు లేవు. అయినను ఆ పేరునకు చరిత్ర కలదు. 1949లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున పనిచేయ మొదలిడిన ఎడ్‌శాక్ కంప్యూటరు కొఱకు, తఱచుగ అవసరమగు గణనక్రియలను చిల్లులు పొడిచిన కాగితపు పట్టీలపై సిద్ధము చేసి ఒక బీరువాలో నుంచెడివారు. కావలసినవారు ఆ పట్టీని తీసి, తమ ప్రోగ్రాము పట్టీలోనికి నకలు చేసికొని, మూలమును మరల బీరువాలో పెట్టవలెను. 1951 నాటికి అట్టివి ఎనుబదికి పైగా నుండెను. ఆ సంవత్సరమే విల్క్స్, వీలర్, గిల్ అను మువ్వురు ఈ పద్ధతిని గ్రంథస్థము చేసిరి. బీరువా నుండి పట్టీని తెచ్చుకొని నకలు వ్రాసికొనుట మన పూర్వులు తాళపత్రప్రతుల విషయమున చేసిన పనియే. నకలులో దోషము, మూలములో సవరణ, ప్రతికిని ప్రతికిని పాఠభేదము మున్నగు చిక్కులన్నియు ఇచటను గలవు.

ప్రోగ్రాము ఒక లైబ్రరీని కోరుటను ఆంగ్లమున డిపెండెన్సీ యందురు. ఆధారము, ఆశ్రయము అను మాటలు వాడవచ్చును గాని, మాకు ఆకాంక్ష అనునది ఎక్కువ తగినదిగ తోచుచున్నది. శాబ్దబోధమునకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అను మూడును కావలెనని మన శాస్త్రకారులు చెప్పిరి. తలుపు అని ఊరకున్నచో మూయుము అనియో తెఱువుము అనియో మఱొక పదము కావలసియుండును, అది ఆకాంక్ష. నిప్పుతో తడుపుము అన్నచో పదములున్నను పొసగవు. అది యోగ్యత లేకుండుట. పదమునకును పదమునకును జాముసేపు ఎడమున్నచో వాక్యము కాదు. అది సన్నిధి లేకుండుట. ప్రోగ్రామునకు లైబ్రరీ కావలసియుండుట ఆకాంక్ష. ఆ లైబ్రరీ యొక్క కూర్పు ఈ ప్రోగ్రామునకు పొసగుట యోగ్యత. నిర్మాణసమయమునను, నడచు సమయమునను అది చేతికందునట్లుండుట సన్నిధి. ఇది పోలికయే గాని శాస్త్రము కాదు. అయినను మా విద్యార్థులకు ఈ మూడు మాటలతో చెప్పినప్పుడు తెలిసినంత వేఱొకరీతి చెప్పినప్పుడు తెలియలేదు.

మా ప్రోగ్రాము జావా భాషలో వ్రాసినది. జావాతో వచ్చు సాధనములకు కొంత అక్షరజ్ఞానము స్వతస్సిద్ధముగ గలదు. కాని ఆ జ్ఞానము జావా కూర్పును బట్టి యుండును. శాఖలో మేము వాడు జావా 17 యూనికోడ్ 13వ కూర్పు వఱకే ఎఱుగును. నకారపొల్లు దాని దృష్టిలో అక్షరమే కాదు. 14వ కూర్పు జావా 19తో చేరినది. అకారాది క్రమము వేఱొక చిక్కు. వర్ణముల స్థానసంఖ్యలను బట్టి క్రమపఱచినచో ర 3120, ఱ 3121, ల 3122, ళ 3123 గనుక కఱవు అను పదము కలము అను పదమునకు ముందు వచ్చును. కళ అనునది కవికి ముందు నిలుచును. మనము బాల్యమున నేర్చిన వర్ణమాలలో ళ, క్ష, ఱ అనునవి హకారము తరువాతివి. సూచికకు ఏ క్రమము నవలంబింపవలెనో సంపాదకుడు నిర్ణయింపవలెను గాని, స్థానసంఖ్యలు నిర్ణయింపరాదు.

ఈ రెండవసరములను తీర్చునది ఐసియు అను లైబ్రరీ. దాని జావా రూపమునకు ఐసియు4జె అని పేరు. టాలిజెంట్ అను సంస్థలో మొలకెత్తిన ఈ పని ఐబిఎమ్ సంస్థలో పెరిగి, 1999లో అందఱకును వెల్లడియై, 2016లో యూనికోడ్ కన్సార్షియము అధీనమునకు వచ్చినది. జావాలోనే యున్న భాషాసాధనములకును, దీనికిని మూలము ఒక్కటియే. 1997 నాటి జావా 1.1లో చేరినవి టాలిజెంట్ వారు కూర్చినవే. దాయాదులని చెప్పవచ్చును. హకారము తరువాత ళ, దాని తరువాత క్ష, దాని తరువాత ఱ అని ఒక్క పంక్తిలో నియమము వ్రాసి యిచ్చినచో, ఐసియు ఆ క్రమముననే సూచికను పేర్చును.

ఇట్టి లైబ్రరీని ప్రోగ్రాము నిర్మాణములో చేర్చుట యెట్లు? జావా ప్రోగ్రాములకు మేవెన్ అను నిర్మాణసాధనము బహుళ ప్రచారమున నున్నది. ప్రోగ్రాము గల సంచయములో పామ్ అను ఒక పత్రము ఉండును. లైబ్రరీని ఆ పత్రమున మూడు గుర్తులతో పేర్కొనవలెను. మొదటిది సమూహనామము, అనగా ప్రకటనకర్త యెవ్వరో తెలుపునది. రెండవది లైబ్రరీ పేరు. మూడవది కూర్పు సంఖ్య. గ్రంథమును పేర్కొనునపుడు ప్రకాశకులు, గ్రంథనామము, ముద్రణము అని మనము వ్రాయు మూడును ఇవియే. ఐసియు4జెకు సమూహనామము నేటికిని కామ్.ఐబిఎమ్.ఐసియు అనియే యున్నది. సంస్థ మాఱినను పేరు మాఱలేదు. మార్చినచో పాత పేరుతో దానిని కోరు వేలకొలది ప్రోగ్రాములకు ఆకాంక్ష తీఱకపోవును. కూర్పు 70.1 అని వ్రాసినచో, 2021 అక్టోబరులో వెలువడిన, యూనికోడ్ 14ను ఎఱిగిన కూర్పు లభించును.

కూర్పు సంఖ్యను వ్రాయక ఎప్పటికప్పుడు సరికొత్తది తెమ్మనుటకును మార్గములున్నవి. భారతము చూడుడు అని మాత్రము వ్రాసి, పర్వమును ముద్రణమును చెప్పని పాదసూచిక యెట్టిదో అదియు నట్టిదే. నేడు నడచును. రేపు అదే ప్రోగ్రాము వేఱొక ఫలితము నిచ్చినపుడు కారణము చెప్పువారుండరు. మా శాఖలో దానిని నిషేధించితిమి.

నాలుగవ గుర్తు ఒకటి ఐచ్ఛికముగ నుండును. లైబ్రరీ ఎప్పుడు కావలెనో అది తెలుపును. పరీక్షలు నడపునపుడు మాత్రము కావలసిన దానికి అట్లు వ్రాసినచో, అది పరీక్షలతో సరి. నడచు ప్రోగ్రామునకు అంటదు. కట్టడమునకు పరంజి వంటిది. ఏమియు వ్రాయనిచో ఎల్లప్పుడు కావలెనని అర్థము.

నిర్మింపుమని ఆజ్ఞ యిచ్చినంతనే మేవెన్ పామ్ పత్రమును చదువును. కోరిన లైబ్రరీ మన కంప్యూటరులోని తన నిల్వలో కలదేమో మొదట చూచును. లేనిచో మేవెన్ సెంట్రల్ అను మహానిల్వ నుండి తెచ్చి, వచ్చినది చెడకుండ వచ్చినదా యని దానితోపాటు ప్రకటితమైన గుర్తుసంఖ్యతో సరిచూచి, తన నిల్వలో దాచుకొనును. పిమ్మట ప్రోగ్రామును యంత్రరూపమునకు మార్చు సాధనమునకు ఆ లైబ్రరీ యున్న చోటు చూపును. రెండవమాఱు అంతర్జాలముతో పనిలేదు. ఒకమాఱు తెచ్చిన ప్రతి ఇంటనే యున్నది. మహానిల్వలో ఒకసారి ప్రకటితమైన కూర్పును మార్చుట గాని, తొలగించుట గాని కూడదని నియమము. ఇది గొప్ప నియమము. దీని విలువ ఇది లేనిచోట కలిగిన యిబ్బందిని బట్టి తెలియును. జావాస్క్రిప్ట్ భాషవారి నిల్వయగు ఎన్‌పిఎమ్ నుండి 2016 మార్చి 22న ఒక రచయిత, పేరు విషయమున వచ్చిన తగవు వలన, తన లైబ్రరీలనన్నింటిని ఉపసంహరించుకొనెను. వానిలో లెఫ్ట్‌ప్యాడ్ అనునది ఒకటి. పదమునకు ఎడమవైపున ఖాళీలు చేర్చుట దాని పని; దాని నిడివి పదునొకండు పంక్తులు. దాని నాశ్రయించిన లైబ్రరీలను, వానిని మరల ఆశ్రయించిన వానిని కోరిన లెక్కలేనన్ని ప్రోగ్రాముల నిర్మాణము ఆ దినమున నిలిచిపోయెను. కొన్ని గంటలలో నిల్వవారు దానిని మరల నిలిపి, పిమ్మట ఉపసంహరణ నియమములను బిగించిరి.

ఇక మా విద్యార్థి పట్టికకు వత్తము. ఆకాంక్షలు ఒక్క మెట్టుతో ఆగవు. మనము కోరిన లైబ్రరీ మఱొక లైబ్రరీని కోరును. అది ఇంకొక దానిని. మేవెన్ ఈ పరంపరనంతయు తానే తెలిసికొని తెచ్చును. ఇది సౌకర్యమే. కాని మనము ఎన్నడును పేరు వినని లైబ్రరీలు మన పట్టికను తీర్చుచుండును. విద్యార్థి తన పామ్ పత్రమున ఐసియు పేరే వ్రాయలేదు. పదవిభజన చేయు ఒక చిన్న లైబ్రరీని మాత్రము పేర్కొనెను. ఆ చిన్న లైబ్రరీ తన పనికై ఐసియు4జె 63.1ని కోరును. అది 2018 నాటిది. దాని యెఱుక యూనికోడ్ 11 వఱకే. 3165వ స్థానము దానికి ఖాళీ స్థానము. ఖాళీ స్థానమందలి చిహ్నమును అది అక్షరముగ నెంచదు గనుక, వచ్చె అనుదాని తరువాత పదము ముగిసినదని హద్దు గీయును. మిగిలిన నకారపొల్లు ఒంటిగా ఒక ముక్కయగును. చిన్న లైబ్రరీ ఆ ముక్కను విరామచిహ్నము వంటి దానినిగ భావించి పాఱవేయును. ఎచటను దోషసూచన లేదు. కవి నిలిపిన ద్రుతమును యంత్రము లోపింపజేసినది. మేము దానిని కవి శైలిగ భావించితిమి.

శాఖలోని ప్రతిలో జరిగినది వేఱు. అచట మఱొక విద్యార్థిని, సూచికను వర్ణమాలాక్రమమున పేర్చుట కొఱకు, ఐసియు4జె 70.1ని పామ్ పత్రమున నేరుగ పేర్కొనెను. పదవిభజనతో ఆమెకు పనిలేదు. అయినను ఆమె చేర్పు పదవిభజనను సవరించినది. ఒకే లైబ్రరీ యొక్క రెండు కూర్పులను రెండు దిక్కుల నుండి కోరినపుడు మేవెన్ ఒక్కదానినే గ్రహించును. ఏది గ్రహించును? కొత్తది కాదు, పెద్ద సంఖ్య గలది కాదు. మన ప్రోగ్రామునకు తక్కువ మెట్లలో నున్నది. మనము నేరుగ కోరినది ఒక మెట్టు, చిన్న లైబ్రరీ కోరినది రెండు మెట్లు. కావున 70.1 నిలిచి 63.1 తొలగినది. దూరము సమానమైనచో పత్రమున ముందు వచ్చినది గ్రాహ్యము. గ్రేడిల్ అను వేఱొక నిర్మాణసాధనము ఇట్టి చోట సాధారణముగ పెద్ద సంఖ్యను గ్రహించును. అనగా ఒకే ఆకాంక్షల పట్టికకు సాధనమును బట్టి రెండు సమాధానములు రావచ్చును. పరిభాషాసూత్రములలో పరమునకు బలమా, అంతరంగమునకు బలమా అని వాదించిన వారికి ఇది క్రొత్త కాదు.

ఈ పరంపరను చూపుమని మేవెన్ నడిగినచో వంశవృక్షము వలె కొమ్మలు కొమ్మలుగ వ్రాసి చూపును. ఏ కూర్పు నిలిచినది, ఏది తొలగినది అనునదియు అందు తెలియును. ఆ వృక్షము ఒక పుటకు మించదు. దానిని ముందే చూచియున్నచో ఇరువది పుటల శ్రమ తప్పియుండెడిది.

నేరుగ పేర్కొనుట వలన సమస్య తీఱినదని తృప్తి చెందుటకు వీలులేదు. చిన్న లైబ్రరీ 63.1తో కూర్చబడినది. దానికి 70.1 పొసగునని హామీ యెవ్వరును ఈయలేదు. పాత కూర్పులోని ఒక క్రియ క్రొత్త కూర్పులో తొలగింపబడినచో, నిర్మాణము నిర్విఘ్నముగ ముగిసి, నడచుచుండగా ఆ క్రియ అవసరమైన ఘట్టమున ప్రోగ్రాము కూలును. మా అదృష్టమున అట్లు జరుగలేదు. జరుగలేదని ఊరక అనుకొనక, నకారపొల్లు గల పది పదములను, ఱకార ళకారములు గల పది పదములను తీసికొని, వాని విభజనము ఎట్లుండవలెనో చేతితో వ్రాసి పరీక్షగ చేర్చితిమి. కూర్పు మార్చినపుడెల్ల ఆ పరీక్ష ముందు నడచును.

క్రొత్త కూర్పు ఎల్లప్పుడు మేలని గూడ చెప్పరాదు. ఛందఃపరిశోధకులు దీనిని ప్రత్యేకముగ గమనింపవలెను. లక్ష్మి అను పదమును అక్షరములుగ విభజింపుమన్నచో, యూనికోడ్ 15.0 నియమము ననుసరించు లైబ్రరీ ల, క్, ష్, మి అని నాలుగు భాగములు చేయును. 2023లో వెలువడిన 15.1 కూర్పున తెలుగును మఱికొన్ని భారతీయ లిపులను ఉద్దేశించి నియమము మాఱినది, సంయుక్తాక్షరమును విడదీయరాదు. దాని ప్రకారము ల, క్ష్మి అని రెండే భాగములు. స్త్రీ అనునది మునుపు మూడు, ఇప్పుడు ఒకటి. క్రొత్త నియమము మన అక్షరభావనకు దగ్గఱిదే. అయినను ఛందశ్శాస్త్రమునకు సరిపోవునా? రాజన్ అనుచోట క్రొత్త నియమము గూడ రా, జ, న్ అని మూడు భాగములు చేయును. గణవిభజనలో పొల్లు నకారము ప్రత్యేకాక్షరము కాదు, పూర్వాక్షరమును గురువు చేయును. పాత కూర్పుతో ఒక శతకమునకు, క్రొత్త కూర్పుతో మఱొక శతకమునకు అక్షరసంఖ్యలు తీసి పోల్చినచో ఆ పోలికకు విలువ లేదు. ఇట్లు తీసిన సంఖ్యలు ఎన్ని వ్యాసములలో చేరినవో యని అప్పుడప్పుడు మాకు దిగులు కలుగును.

సన్నిధి విషయమున మా కింకొక పరాభవము కలిగినది. సూచికా ప్రోగ్రామును పొరుగూరి కళాశాలలోని మిత్రుల కొఱకు పంపితిమి. మేవెన్ నిర్మించి యిచ్చిన జార్ అను మూటను మాత్రము పంపితిమి. వారి కంప్యూటరులో అది తెఱచుకొన్న మఱుక్షణమే, కావలసిన వర్గము కానరాలేదని ఆంగ్లమున రెండు పంక్తులు చూపి ఆగిపోయినది. మాచోట చక్కగ నడచినదే! కారణము సులభము. సామాన్యముగ మేవెన్ కట్టు మూటలో మనము వ్రాసినది మాత్రమే యుండును. మనము కోరిన లైబ్రరీలు చేరవు. మా కంప్యూటరులో అవి నిల్వయందుండుటచే మేవెన్ తానే చూపుచు వచ్చినది. మిత్రుల కంప్యూటరులో ఆ నిల్వ లేదు. దీనికి రెండు మార్గములు. లైబ్రరీలను ఒక సంచయమున నుంచి మూటతోపాటు పంపుట ఒకటి. షేడ్ అను ఉపకరణముతో అన్నింటిని ఒక్క మూటగ కట్టుట మఱొకటి. ఐసియు4జె ఒక్కటే పది మెగాబైట్లకు మించును గనుక మూట బరువగును. కాని అంతర్జాలము సరిగా లేని కళాశాలలకు పంపునపుడు మేము రెండవ మార్గమునే అనుసరించుచున్నాము. ఇట్లు కట్టునపుడు ఐసియు లైసెన్సు పత్రమును మూటనుండి తొలగింపరాదు. ఆ పత్రము వెంట నుండవలెనన్న షరతుతోనే వారు దానిని ఉచితముగ వాడనిచ్చిరి.

ఒక్క మూటగ కట్టుట మంచిదా, అందఱకు ఉమ్మడిగ ఒకచోట నుంచుట మంచిదా అను చర్చ పాతది. దీనికి మన లిపియే ఒక నిదర్శనము. 2018 ఫిబ్రవరిలో ఆపిల్ వారి ఫోనులలో ఒక తెలుగు అక్షరము కనబడినంతనే సందేశములు చూపు ప్రోగ్రాములు కూలుచున్నవని వార్త వచ్చినది. ఆ యక్షరము జ్ఞా వంటిది. జకారము, పొల్లు, ఞకారము, వాని తరువాత కంటికి కానరాని ఒక విభాజకచిహ్నము, పిమ్మట దీర్ఘము అను క్రమమున అయిదు చిహ్నములు వచ్చినపుడు దోషము పుట్టుచుండెను. జ్ఞానమునకు ఆద్యాక్షరమే యంత్రమునకు గండమయ్యెనని ఆ దినములలో పరిహాసమాడినవారు కలరు. దోషము ఏ సందేశ ప్రోగ్రాములోను లేదు. అక్షరములను తీర్చి చూపు లైబ్రరీ వ్యవస్థలో ఉమ్మడిగ నున్నది. దోషము దానిలో గలదు. కావుననే ఒకదానితో నొకటి సంబంధము లేని ప్రోగ్రాములన్నియు ఒక్కమాఱే కూలినవి. అందువలననే ఫిబ్రవరి 19న ఫోనుల వ్యవస్థకు 11.2.6 కూర్పు వెలువడి ఉమ్మడి లైబ్రరీ బాగుపడినంతనే, ఆ ప్రోగ్రాములను ఎవ్వరును ముట్టకయే అన్నియు స్వస్థములైనవి.

మూటలో కట్టిన లైబ్రరీకి ఇట్టి సౌలభ్యము లేదు. 2021 డిసెంబరులో లాగ్4జె అను జావా లైబ్రరీలో పరులు చొఱబడుటకు వీలిచ్చు దోషమొకటి వెల్లడియైనది. ప్రోగ్రాము నడచిన తీరును దినచర్యవలె వ్రాసిపెట్టుట దాని పని. పెక్కు జావా ప్రోగ్రాములు దాని నాశ్రయించినవి. 2.15.0 మొదలు 2.17.1 వఱకు ఆ నెలలోనే వరుసగ సవరణలు వెలువడినవి. సవరణ సిద్ధమైనను, దానిని తమ మూటలలో కట్టుకొన్న ప్రతివారును మరల నిర్మింపవలసి వచ్చెను. అంతకంటె కష్టమైన విషయము, తమ మూటలో అది యున్నదో లేదో పెక్కుమందికి తెలియకుండుట. వారు దానిని కోరలేదు. వారు కోరినవి దానిని కోరినవి.

ఇంత చెప్పినపుడు, లైబ్రరీలను చేర్చకుండుటయే మేలు గదా యని ఒక విద్యార్థి మమ్మడిగెను. చిన్న పనులకు అదియే మేలు. ఒక చిహ్నము తెలుగుదా కాదా యని తెలిసికొనుటకు దాని స్థానసంఖ్య 3072, 3199ల నడుమ నున్నదా యని చూచిన చాలును. దానికై పది మెగాబైట్ల లైబ్రరీని చేర్చుట పిచ్చుకపై బ్రహ్మాస్త్రము. కాని వర్ణక్రమమును, పదముల హద్దును మనమే వ్రాసికొనుటకు దిగినచో, ఐసియు వారు ఇరువది యేండ్లకు పైగా దిద్దిన తప్పులన్నింటిని మనము మొదటి నుండి చేయవలసి వచ్చును. మేము ఒక వేసవి ఆ పని చేసి చూచితిమి. అరసున్న దగ్గఱ ఆగిపోతిమి.

శాఖలో ఇప్పుడు అనుసరించు పద్ధతి యిది. ప్రోగ్రామునకు పని కలిగించు ప్రతి లైబ్రరీని, అది పరంపరగ వచ్చుచున్నను, పామ్ పత్రమున నేరుగ కూర్పు సంఖ్యతో పేర్కొందుము. ఆకాంక్షల వృక్షమును ముద్రించి ప్రోగ్రాముతోపాటు భద్రపఱతుము. మేవెన్ నిల్వను సంవత్సరమున కొకమాఱు వేఱొక డిస్కుపై నకలు తీయుదుము. మహానిల్వపై నమ్మకము లేక కాదు, సిద్ధాంతవ్యాస పరీక్షకులు పదేండ్ల తరువాత అడిగినను అదే పట్టికను మరల తీసి చూపుట కొఱకు. మూలపాఠమున నకారపొల్లు, ఱకారము, అరసున్న వంటి చిహ్నములు గలవో లేవో నిర్మాణమునకు ముందే లెక్కించి, ఆ లెక్క పట్టికలోని లెక్కతో సరిపడుచున్నదా యని చూతుము. ఈ చివరి పనికి లైబ్రరీ అక్కఱలేదు. మా విద్యార్థి దానిని ఆఱు పంక్తులలో వ్రాసెను.

అతడు ఆ యిరువది పుటలను తానే చింపివేసెను. సరియైన పట్టిక ననుసరించి వ్రాసిన ప్రకరణము నాలుగు పుటలకు కుదిరినది. ఆ కవి విరామమున ద్రుతమును తఱచుగ నిలిపెనని అందు తేలినది. వ్యాసము చివర, ముద్రిత ప్రతి వివరముల క్రింద, ఒక పంక్తి చేర్చితిమి: పదవిభజన జావా 17 పైని, ఐసియు4జె 70.1తో, యూనికోడ్ 14 ప్రకారము. పరీక్షకులలో ఒకరు ఆ పంక్తి క్రింద గీత గీచి, ఇదేమని వ్రాసి పంపిరి.